పెద్దాయన్ని పక్క మార్చిన చేతులన్నిటికీ

అందరికీ నమస్కారం. మన పెద్దాయన మొన్న ఆదివారం తెల్లవారుజామున పోయాడు. ఈ ఒక్క మాట రాయడానికే నాకు నాలుగు రోజులు పట్టింది. ఫోన్లు చాలా వచ్చాయి, అన్నిటికీ బదులు చెప్పలేకపోయాను, మెసేజ్‌లు కొన్ని ఇంకా తెరవనే లేదు, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఆ పదకొండు రోజులూ మీరెంత చేశారో దగ్గరుండి చూసినదాన్ని నేను. అందుకే అందరికీ కలిపి ఒక థాంక్స్ పెట్టి ఊరుకోబుద్ధి కాలేదు.

తెలియనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. పెద్దాయన మా కొట్టంలో నాలుగేళ్లు ఉన్న ముసలి ఎద్దు. బండి లాగలేకపోతున్నాడని ఎవరో రోడ్డు మీద వదిలేస్తే, వానలో కదలకుండా నిలబడి కనిపించాడు. డాక్టరు గారు నోరు తెరిచి చూశారు. పశువులకి పైన ముందు పళ్లు ఎటూ ఉండవు, కింద ఉండే ఎనిమిదీ అరిగిపోయి చిగుళ్లకి అంటుకున్నట్టు ఉన్నాయి, పద్నాలుగు పదిహేనేళ్లకి తక్కువ ఉండవన్నారు. మెడ మీద కాడి ఒరిసి ఒరిసి అరచేయంత పుండు. అది మానడానికి మూడు నెలలు పట్టింది, మానాక అక్కడ వెంట్రుకలు తెల్లగా మొలిచాయి. అంత గోధుమ రంగు ఒంటి మీద ఆ తెల్ల మచ్చ దూరం నుంచే కనిపించేది. నడక నెమ్మది, చూపు నెమ్మది, ఎవరి మీదా కోపం లేదు, అందుకే పెద్దాయన అని పేరు పడిపోయింది.

వచ్చిన కొత్తలో జరిగింది ఒకటి చెప్పాలి. కొట్టం కప్పు బాగుచేయడానికి నేనూ మా తమ్ముడూ ఒక వాసం చెరో పక్కా పట్టుకుని మోసుకొస్తున్నాం. పెద్దాయన మేత వదిలేసి మా దగ్గరికి నడుచుకుంటూ వచ్చి, తల వంచి, ఆ వాసం కింద మెడ పెట్టి నిలబడ్డాడు. ఎవరూ అదిలించలేదు, పిలవలేదు. పుండు ఇంకా పచ్చిగానే ఉంది అప్పటికి. మేం వాసం కింద పెట్టేశాం, చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ అలవాటు పోవడానికి ఏడాది పైనే పట్టింది, పొడుగాటి కర్ర ఏది కనిపించినా వచ్చి మెడ వంచేవాడు. ఒకరోజు నేను దడి కర్రలు భుజాన వేసుకుని పక్కనుంచే వెళ్తే, తలెత్తి చూసి, మళ్లీ మేతలో పడ్డాడు. నా జీవితంలో అంత సంతోషపడిన రోజులు చాలా తక్కువ.

పడిపోయిన రోజు తప్పు నాదే. కొట్టం కడిగి, నేల ఆరకముందే గేటు తీశాను. వెనక కాళ్లు రెండూ జారి చతికిలబడ్డాడు. గుర్రంలా ముందు కాళ్లు ఊని లేచే జంతువు కాదు కదా, పశువు మొదట వెనక భాగం ఎత్తాలి, ఆ కీళ్లేమో అప్పటికే అరిగిపోయి ఉన్నాయి. లేవబోతాడు, సగం వరకు వస్తాడు, కూలబడతాడు. పదిసార్లు చూశాక నేనే తల పట్టుకుని ఆపేశాను.

ఆ సాయంత్రం ఇక్కడ నేను పెట్టింది రెండు లైన్లే. రాత్రి తొమ్మిదయ్యేసరికి పదకొండు మంది వచ్చారు! వాళ్లలో ఆరుగురిని నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

పడిపోయిన పెద్ద పశువుకి అసలు ప్రమాదం దాని బరువే అని ఆ రోజే తెలిసింది నాకు. నాలుగు వందల కిలోల శరీరం ఒకే పక్క మీద ఉండిపోతే కింద నలిగిన కండకి రక్తం అందదు, కొన్ని గంటల్లోనే కండరాలూ నరాలూ దెబ్బతినడం మొదలవుతుంది. తర్వాత మొదటి జబ్బు నయమైనా కాలు లేవదు. అలాగని పూర్తిగా పక్కకి వాల్చేస్తే పొట్టలో గ్యాస్ బయటికి పోలేక ఉబ్బి ఊపిరాడదు. అందుకని రొమ్ము మీద కూర్చున్నట్టు పెట్టి, గడ్డిమోపులు ఆనించి, నాలుగు గంటలకోసారి పక్క మార్చమన్నారు డాక్టరు గారు. నాలుగు గంటలకోసారి అంటే రోజుకి ఆరుసార్లు, రాత్రి పన్నెండుకీ, తెల్లారి నాలుక్కీ కూడా. ఒకరు తల, ఇద్దరు పట్టా, ఒకరు కింద కాలు మడిచి తోయాలి, నలుగురు లేకపోతే పని జరగదు.

పదకొండు రోజుల్లో ఒక్క వంతు కూడా తప్పిపోలేదు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా నాలుగు గంటల వంతుకి వచ్చిన ఇద్దరన్నలూ, మీ యూనిఫారాలకి పేడ అంటిన మరకలు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి. పరీక్షలు పెట్టుకుని కూడా పుస్తకాలు పట్టుకొచ్చి గడ్డిమోపు మీద కూర్చుని చదువుకున్న చెల్లీ, నీకు మంచి మార్కులు రావాలని రోజూ అనుకుంటున్నాను. నడుం నొప్పితో తొయ్యలేను గానీ తల పట్టుకుంటానని వచ్చిన బాబాయ్, మీరు పట్టుకున్నప్పుడు వాడు కొమ్ము విసరలేదు, అది గమనించారో లేదో.

మూడో రోజుకి నెమరు ఆగిపోయింది. డాక్టరు గారు ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి ఐదు నిమిషాలు అలాగే కూర్చున్నారు. బాగున్న పశువుకి పొట్ట నిమిషానికి ఒకటి రెండుసార్లు కదులుతుందట, మనవాడిది కదలడమే లేదు. గడ్డిని అరిగించేది లోపలుండే సూక్ష్మజీవులు, అవి చచ్చిపోతే ఎంత మేత పెట్టినా దండగ, ఆరోగ్యంగా ఉన్న ఆవు పొట్టలోంచి రసం తీసి ఎక్కిస్తే మళ్లీ బతుకుతాయి అన్నారు. రాత్రి పూట ఆవునెవరిస్తారు? అడగడానికే నాకు నోరు రాలేదు. అక్కా, మీరు పాలిచ్చే ఆవుని చీకట్లో తాడు పట్టుకుని నడిపించుకుంటూ తీసుకొచ్చి, నోట్లో గొట్టం వేస్తుంటే దాని చెవిలో ఏదో చెబుతూ నిలబడ్డారు. నాలుగు లీటర్ల పైనే తీశారు, వడగట్టి, వేడి చల్లారకముందే పెద్దాయనకి పట్టించారు.

ఐదో రోజు మధ్యాహ్నం మెడ ఎడమ పక్కన చర్మం కింద ఒక ఉండ పైకి పాకుతూ వెళ్లడం చూశాను. దవడ కదిలింది. లెక్కపెట్టాను, నలభై మూడుసార్లు నమిలి మింగాడు, మళ్లీ ఇంకో ఉండ వచ్చింది. అక్కడున్న వాళ్లందరం చప్పట్లు కొట్టాం, కొంతమంది ఏడ్చేశారు. ఆ తర్వాత ఇంకో ఆరు రోజులు వాడు తృప్తిగా మేత మేసి నెమరు వేసుకుంటూ మన మధ్య ఉన్నాడంటే అది మీ ఆవు ఇచ్చిందే అక్కా. దానికి నా తరఫున గంగడోలు నిమరండి.

డాక్టరు గారికి ఏం చెప్పినా తక్కువే. పదకొండు రోజుల్లో పద్నాలుగుసార్లు వచ్చారు. నొప్పికి మెలాక్సికామ్ ఇచ్చారు. డైక్లోఫెనాక్ ఇవ్వొచ్చు కదా అని ఎవరో అడిగితే, ఆ మందు ఎక్కిన పశువు కళేబరం తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోతాయని 2004లోనే తేలిందనీ, తాను పశువులకి అది ముట్టనే ముట్టననీ చెప్పారు. ఒక ముసలి ఎద్దు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఎక్కడో ఎగిరే పక్షుల గురించి కూడా ఆలోచించే మనిషి. శనివారం సాయంత్రం రక్త పరీక్ష చూసి, కండరాలు బాగా దెబ్బతిన్నాయి, ఇక లేవడు, ఊపిరి కూడా బరువుగా తీస్తున్నాడు, ఈ బాధని ఇంజెక్షన్‌తో ఆపేద్దాం అని మెత్తగానే అయినా దాపరికం లేకుండా చెప్పారు. ఆ మాట చెప్పడం ఆయనకీ కష్టమే అయింది, గొంతులో తెలిసింది. ఆదివారం పది గంటలకి వస్తానన్నారు. నేను సరేనన్నాను.

అంతదాకా ఉండలేదు. తెల్లారి నాలుగు గంటల వంతు అయ్యాక నేను నీళ్లు కాచడానికి లోపలికి వెళ్లాను, బట్ట తడిపి కళ్లు తుడుద్దామని. అప్పుడే పోయాడట. పక్కన ఉన్నది పదో తరగతి చదివే తమ్ముడొక్కడే. నేను తిరిగొచ్చేసరికి కొమ్ము మొదట్లో చెయ్యి పెట్టి అలాగే కూర్చుని ఉన్నాడు. ఎందుకు పిలవలేదురా అంటే, "వెళ్లిపోయాడని తెలిసింది, కానీ చెవి ఇంకా వెచ్చగా ఉందక్కా, అప్పుడే లేవాలనిపించలేదు" అన్నాడు. తమ్ముడూ, నేను లేనే అని నాలుగు రోజులుగా కుమిలిపోతున్నాను. నువ్వున్నావు. అది తలుచుకుంటేనే నాకు నిద్ర పడుతోంది.

జేసీబీ తెచ్చిన అన్న బావికి దూరంగా, ఆరడుగుల పైనే లోతు తీశారు. బకెట్‌తో ఎత్తి వేయనన్నారు. పట్టా మీద అందరం కలిసి దింపుతుంటే తనూ దిగి ఒక కొస పట్టుకున్నారు. డబ్బులు తీసుకోలేదు.

ఎప్పుడూ పెద్దాయన పొట్టకి ఆనుకుని పడుకునే కుంటి మేక ఇప్పుడు వాడికి ఆనించిన గడ్డిమోపు పక్కనే పడుకుంటోంది. ఆ ఒక్క మోపు అక్కడే ఉంచాం. మిగతా గడ్డి, తెరవని మందులు, మీరు పంపిన డబ్బులో మిగిలింది, అన్నీ లెక్కరాసి పెట్టాను, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, తిరిగి కావాలన్నవాళ్లకి ఇచ్చేస్తాను. మందులు గడువు తేదీ చూసి డాక్టరు గారికే ఇస్తున్నాను.

పశువుని లేపే పెద్ద బెల్టు మాత్రం ఎవరిదో ఇప్పటికీ తెలీదు. రెండో రోజు రాత్రి గేటు దగ్గర పెట్టి వెళ్లిపోయారు. ఉతికి, నీడలో ఆరేసి, తుప్పు పట్టిన కొక్కేనికి నూనె రాసి ఉంచాను. మీది అయితే చెప్పండి, తెచ్చిస్తాను. అప్పటిదాకా ఎవరి పశువు పడిపోయినా ఫోన్ చేయండి, ఏ వేళైనా సరే, బెల్టుతో పాటు నేనూ వస్తాను.