శాలువా కప్పే ముందు ఒక ఏడాది అడగండి

గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ కమిషనర్ గారికి,

నమస్కారం.

నేను ఈ నగరంలో పార్కుల పనులు చేసే చిన్న కాంట్రాక్టరుని. గుంతలు తీయించడం, ఎర్రమట్టి తోలించడం, లాన్ పరిపించడం, వాకింగ్ ట్రాక్ మరమ్మతులు, నాటిన మొక్కల్ని గడువు దాకా బతికించి అప్పగించడం నా పని. బిల్లుల కోసం తప్ప మీ ఆఫీసు మెట్లెక్కే అలవాటు లేదు. ఇప్పుడు అడగబోయేది నా వ్యాపారానికి లాభం చేసేదీ కాదు. పని తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి చూస్తుంటే మట్టి లోడులో రాళ్లు కలపడం ఏ కాంట్రాక్టరుకైనా కష్టమే. అయినా అడుగుతున్నాను: పార్కుల్లో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరయ్యేవాళ్లకు తెలిసింది, వాళ్లు వెళ్లేలోగా అడిగి తీసుకోండి. అలాంటి మనుషులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

2021లో ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 61కి పెంచింది. దాంతో మూడేళ్ల పాటు వీడ్కోలు సభలు దాదాపు ఆగిపోయాయి. 2024 మార్చి నుంచి మళ్లీ మొదలయ్యాయి. ఇప్పుడు ఏ నెలాఖరున చూసినా ఎవరో ఒకరికి శాలువా కప్పుతున్నారు, దండ వేస్తున్నారు, గ్రూపు ఫొటో తీస్తున్నారు. చార్జి అప్పగింత అంటే ఫైళ్లు, బీరువా తాళాలు, స్టాకు రిజిస్టరు. కొత్తగా వచ్చినవారు సంతకం పెట్టి తీసుకుంటారు. పార్కు గురించి ఆ వెళ్లే మనిషికి తెలిసింది ఏ రిజిస్టరులోనూ ఉండదు. అది ఆయనతో పాటే బస్సెక్కి ఇంటికి పోతుంది.

గడ్డి కోయించడం, నీళ్లు పెట్టించడమే కదా, అందులో తెలియాల్సిందేముంది అనేవాళ్లున్నారు. ఒక కాలనీ పార్కు సంగతి చెప్తాను, పేరు వద్దు. అందులో ఒక మూల పల్లంగా ఉండేది. పాత సూపర్‌వైజరు అక్కడ ఏమీ కట్టనిచ్చేవాడు కాదు. గడ్డి, నాలుగు కానుగ చెట్లు, అంతే. స్థలం వృథా చేస్తున్నావని కాలనీ పెద్దలు గొడవ పెట్టినా వినలేదు. మనది గొలుసుకట్టు చెరువుల ఊరు కదా. పై చెరువు అలుగు పారితే నీళ్లు కింది చెరువుకు పోయే దారి ఆ మూల మీదుగానే. కాలనీ పుట్టకముందు ఆ నీళ్లు పారడం ఆయన కళ్లతో చూశాడు. ఆయన రిటైరయ్యాక అక్కడ టైల్స్ పరిచి ఓపెన్ జిమ్ పెట్టారు. ప్లాన్ గీసినవారిని తప్పుపట్టను, వాళ్ల కాగితం మీద అది ఖాళీ జాగానే. 2020 అక్టోబరు వానలకు జిమ్ సామాన్లు సగం దాకా బురదలో దిగాయి. నీళ్లు తోడాక చూస్తే టైల్స్ కింద మట్టి లేదు. మళ్లీ టెండరు, మళ్లీ టైల్స్. ఆ రెండో టెండరు డబ్బుతో ఆ పెద్దాయనకు ఎన్నేళ్లు గౌరవ వేతనం ఇవ్వొచ్చో మీ అకౌంట్స్ వాళ్లను అడగండి.

చెట్ల విషయంలో అవసరం ఇంకా ఎక్కువ. హరితహారం 2015లో మొదలైంది. అప్పుడు పెట్టిన మొక్కలు ఇప్పుడు చెట్లయ్యాయి. 2022లో దక్షిణ కొరియాలోని జెజులో హైదరాబాద్‌కు ప్రపంచ హరిత నగర పురస్కారం వచ్చింది, ఔటర్ రింగ్ రోడ్డు వెంట పెంచిన పచ్చదనానికి. నాకూ సంతోషమే. కానీ గుంత తీసి మొక్క పెట్టడం నిన్న పనిలో చేరిన కూలీకి ఒక పూటలో నేర్పొచ్చు. ఎదిగిన చెట్టును ఎలా చూసుకోవాలో ఒక పూటలో రాదు. ఈ నగరంలో చాలాచోట్ల రెండు మూడు అడుగులు తవ్వితే మొరం, దాని కింద బండ. వేరు లోతుకు పోలేక పక్కలకు పాకుతుంది. పక్కన కాలిబాటకు సిమెంటు పోస్తే ఆ దారీ మూసుకుపోతుంది. ఎండాకాలం సాయంత్రాల్లో ఈదురుగాలి లేస్తే ఏ చెట్టు ఒరుగుతుందో పాతవాళ్లు ముందే చెప్పేస్తారు. తురాయి, పచ్చతురాయి కొమ్మలు పుటుక్కున విరుగుతాయి. నిద్రగన్నేరుకు డ్రైనేజీ కోసం ఏ పక్క వేళ్లు నరికారో గుర్తుపెట్టుకుంటే అది ఎటు పడుతుందో తెలుస్తుంది. ఆ గుర్తు ఎవరి దగ్గరుంది? ఆ డ్రైనేజీ వేసిన ఏడాది అక్కడ డ్యూటీలో ఉన్న మనిషి దగ్గర. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, కరెంటు తీగకు అడ్డం వచ్చిన వైపు కొమ్మలు కొట్టేసి వెళ్లిపోతారు. చెట్టు బరువంతా రెండో వైపు మిగులుతుంది. తర్వాతి గాలివానకు అది ఎవరి కారు మీద పడుతుందన్నదే తేలాలి.

2021 చివర్లో రాష్ట్రమంతా వేపచెట్లు కొనల నుంచి మాడిపోతూ వచ్చాయి, గుర్తుండే ఉంటుంది. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులు అది. చెట్టు చచ్చిందనుకుని గొడ్డలి పెట్టినవాళ్లను చూశాను. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ ఉద్యానాధికారి మాత్రం ఎండిన కొనలు కత్తిరించి కాల్చేయమన్నారు, అందినంత మేర కార్బెండజిమ్ మందు కొట్టించమన్నారు, మిగతాదానికి ఉగాది దాకా ఆగమన్నారు. ఉగాదికి చెట్లు చిగురేశాయి. పచ్చడిలోకి పువ్వు కూడా దొరికింది. ఆయన్ని అడిగింది నేను, అదీ మా ఇంటికి దగ్గర్లో ఉంటారు కాబట్టి. అధికారికంగా ఆయన్ని అడిగే దారి ఎక్కడా లేదు.

కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు సంగతీ అంతే. ఇక నాటొద్దన్నారు, మంచిదే. డివైడర్ల మీద బారులు తీరి ఉన్నవాటిని ఏం చేయాలి? ఒక్కసారిగా తీసేస్తే రోడ్డంతా ఎండకు బోడిగా నిలుస్తుంది. మధ్యమధ్య ఏవి పెట్టాలి, అవి నిలదొక్కుకున్నాక వీటిని ఏ వరసలో తీయాలి, ఎన్నేళ్లు పడుతుంది? నేను చూసిన ఏ టెండరు పత్రంలోనూ దీనికి జవాబు లేదు. జీవితమంతా నర్సరీల్లో గడిపిన మనిషి దగ్గర ఉంటుంది.

చెట్ల గురించి తెలిసినవాళ్లు ఎంతో కొంత దొరుకుతారు, పార్కుకు వచ్చే మనుషుల గురించి తెలిసినవాళ్లు బొత్తిగా తక్కువ. బెంచీ ఎక్కడ వేయాలన్నది పొద్దుటి నీడ చూసి కాదు, సాయంత్రం నాలుగింటి నీడ చూసి తేల్చాలని నాకు చెప్పింది ఒక పాత ఇన్‌చార్జి. పెద్దవాళ్లు వచ్చి కూర్చునేది అప్పుడే. ఇంకొక ఆటస్థలంలో పెద్ద పిల్లలు క్రికెట్ బ్యాటుతో దిగగానే ఆడపిల్లలు ఇళ్లకు వెళ్లిపోయేవారు. అక్కడి కోచ్ బోర్డు పెట్టలేదు, ఎవరినీ కసరలేదు. సాయంత్రం ఒక గంట మైదానం మధ్యలో ఖోఖోకు సున్నం గీతలు గీయించి, ఆ గంట తానే విజిల్ పట్టుకుని నిలబడ్డాడు. కొన్నాళ్లకు క్రికెట్ పిల్లలే ఆ టైమును ఖోఖో టైము అనడం మొదలుపెట్టారు. ప్రతి వేసవిలో మీరు నడిపే కోచింగ్ క్యాంపుల్లో ఇలాంటి కోచ్‌లు ఎందరో పనిచేశారు. క్యాంపు అయిపోయాక పిల్లలు మైదానానికి రావడం ఎందుకు మానేస్తారో, ఏ బస్తీలో ఏ ఆట నిలబడుతుందో వాళ్లకు తెలిసినంత ఏ సర్వేకూ తెలియదు. కోట్లు పెట్టి కొత్త కాంప్లెక్సు కట్టేముందు వాళ్లతో ఒక సాయంత్రం కూర్చుంటే చాలు.

కాబట్టి అనుభవమున్నవాళ్లంటే డైరెక్టర్లు, సూపరింటెండెంట్లని మాత్రమే అనుకోకండి. మాలీలూ ఉన్నారు. ఇప్పుడు చాలా పార్కుల్లో మాలీలు అవుట్‌సోర్సింగ్ మనుషులు. ఏజెన్సీ మారితే మనిషి ఉండొచ్చు, మారిపోవచ్చు. బోరు పైపు ఎక్కడ వంక తిరిగిందో, ఏ వాల్వు మీద ఎవరో పేవర్ బ్లాకులు పరిచేశారో ఆ మాలీకి తెలుసు. ఆయన పోతే నేను పార్కంతా తవ్వుకోవాలి. తవ్వకానికి కూడా బిల్లు పెడతాననుకోండి, అది వేరే విషయం.

బెంగళూరు లాల్‌బాగ్ చూడండి. 1908లో మైసూరు సంస్థానానికి వచ్చిన జర్మన్ ఉద్యాన నిపుణుడు క్రుంబీగెల్, ఆయన దగ్గర పని నేర్చిన జవరాయ, ఆ తర్వాత మరిగౌడ. ఒకరి తర్వాత ఒకరు అదే తోటలో నడిచారు, ముందువాళ్లు మొదలుపెట్టినదాన్ని తర్వాతివాళ్లు కొనసాగించారు. అమెరికాలో పార్కుల నిర్వహణను ఒక వృత్తిగానే చూస్తారు. అక్కడ ఆ రంగం పెద్దలకు ఒక అకాడమీ ఉంది, పండిపోయిన పార్కు అధికారులను కూర్చోబెట్టి వాళ్ల అనుభవాలను వీడియో తీసి దాచుకుంది. మన పబ్లిక్ గార్డెన్స్, బాగ్-ఎ-ఆమ్, 1846 నాటిది. ఇన్నేళ్లలో అక్కడ పనిచేసిన మాలీల్లో ఒక్కరి మాటైనా రాసిపెట్టిన కాగితం నాకు కనబడలేదు.

పెద్దవాళ్లు చెప్పిందల్లా వేదమని నేను అనను. వాళ్లతో పని చేసినవాణ్ని, నాకు తెలుసు. కొందరికి లాన్ పిచ్చి. చుక్క నీరు లేని మే నెలలో కూడా మెక్సికన్ గడ్డి పచ్చగా ఉండాలంటారు, దానికి ట్యాంకర్ల మీద ట్యాంకర్లు పోయాలి. కొందరికి హెడ్జిని ఏనుగులా, నెమలిలా కత్తిరిస్తే తప్ప అది పార్కే కాదు. ఊరి చెట్లంటే చిన్నచూపు ఉన్నవాళ్లూ ఉన్నారు, సీతాకోక చిలుకలకు ఏ మొక్క కావాలో నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయికి తెలిసినంత వాళ్లకు తెలియదు. మరికొందరికి రిటైరయ్యాక కూడా కుర్చీ వదలబుద్ధి కాదు. వాళ్లకు సర్వీసు పొడిగింపు ఇస్తే కింద ఎదురుచూస్తున్న జూనియర్ల నోట మట్టి కొట్టినట్టే. వాళ్లకు తెలిసింది తీసుకోండి, కుర్చీ కొత్తవాళ్లదే.

కమిటీ మాత్రం వేయకండి, దండం పెడతాను. నిపుణుల కమిటీ అంటే ఏసీ హాలు, టీ బిస్కెట్లు, మినిట్స్ పుస్తకం. పార్కు జ్ఞానం పార్కులో నడుస్తుంటేనే బయటికొస్తుంది. ఆ పెద్దాయన కూర్చుంటే ఏమీ గుర్తురాదు, చెట్టు దగ్గరికి రాగానే మొత్తం చెప్తాడు.

నేను అడిగేది ఇది. పార్కుల్లోగానీ ఆటస్థలాల్లోగానీ పనిచేసే ఏ ఉద్యోగికైనా సర్వీసులో చివరి ఏడాదంతా తన తర్వాత వచ్చే మనిషిని జత చేయండి. నెల సరిపోదు. పార్కు ఏడాదికొకసారి పూర్తిగా తిరుగుతుంది. రోహిణి కార్తె ఎండలో బోరు ఎంత దిగుతుందో, మృగశిరకు ఏ గుంతలు సిద్ధంగా ఉండాలో, అక్టోబరు వానకు నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, శివరాత్రి దాటాక ఆకు రాలితే ఎంత చెత్త పోగవుతుందో కొత్త మనిషి ఆ పెద్ద మనిషి పక్కన నిలబడి ఒక చుట్టు చూడాలి. రిటైరయ్యాక ఇష్టమున్నవాళ్లను ఇంకొక ఏడాది వారానికి రెండు పూటలు పిలవండి. కారు వద్దు, గది వద్దు, గౌరవ వేతనం మాత్రం నెలనెలా సరిగ్గా ఇవ్వండి. ఉచిత సేవ అన్నారంటే డబ్బున్నవాళ్లే వస్తారు, మాలీ రాడు.

ఇంకొకటి ముఖ్యం. ఏ పార్కు ఎస్టిమేటు తయారైనా మంజూరుకు ముందు ఇలాంటి ఒకరితో ఆ స్థలంలో నడిచి, ఆయన అన్నది ఒక పేజీలో రాసి ఫైలుకు జత చేయాలి. ఇంజినీరుకు ఆ మాట నచ్చకపోతే కాదనవచ్చు, ఎందుకు కాదన్నారో కింద రాస్తే చాలు. ఆ పల్లం మూల ఫైలులో అలాంటి పేజీ ఒకటి ఉంటే, కనీసం టైల్స్ వేసే ముందు ఎవరైనా ఒకసారి ఆగేవారు. ఆ నడకను ఫోనులో రికార్డు చేయండి. తెలుగులో చెప్పేవాళ్లు తెలుగులో, దక్కనీలో చెప్పేవాళ్లు దక్కనీలో. ఏ పార్కు మాట ఆ పార్కు పేరు కింద పెట్టండి, తర్వాత వచ్చినవాళ్లు వెతుక్కోనక్కర్లేకుండా.

డబ్బు ఎక్కడిదంటారా? పచ్చదనానికి బడ్జెట్‌లో 10 శాతం పెట్టాలని 2019 మునిసిపాలిటీల చట్టం చెప్పింది, 2020 సవరణతో అది జీహెచ్‌ఎంసీకీ వచ్చింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని కూడా చట్టంలో ఉంది. బతికించడం తెలిసినవాళ్లకు ఆ పది శాతంలోంచి ఇచ్చే జీతం ఎంతని? మా బోటివాళ్ల బిల్లుల్లో అది కనబడను కూడా కనబడదు.

వచ్చే పన్నెండు నెలల్లో రిటైరయ్యేవారి జాబితా మీ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో ఇప్పటికే ఉంటుంది. అందులోంచి పార్కులు, ఆటస్థలాల వాళ్ల పేర్లు వేరు చేయడానికి ఒక పూట చాలు. మొదటి నడక ఇందిరా పార్కులో పెట్టండి. 76 ఎకరాలు, ఒక్క ఉదయంలో తెమలదు, రెండు ఉదయాలు పెట్టుకోండి. మాలీలకు ఆ రోజుల కూలీ పోకుండా చూడండి. కాంట్రాక్టర్లను పిలిస్తే మేమూ వస్తాం, వెనక నడుస్తాం.

ఇట్లు,
పార్కు పనుల కాంట్రాక్టరు ఒకరు,
ఉప్పల్, హైదరాబాద్