మోటన్ స్కూల్ ట్రిప్: ఈసారి పేరెంట్స్ కూడా రావాలి

పేరెంట్స్ అందరికీ నమస్కారం,

వచ్చే నెల మన తెలుగు బడి పెద్ద క్లాసుల పిల్లల్ని వర్జీనియాలోని ఫార్మ్‌విల్ తీసుకెళ్తున్నాం. పిల్లల్ని బస్ ఎక్కించి వెళ్లిపోకుండా మీరూ రండి అని అడగడానికే ఈ లెటర్.

అక్కడ రాబర్ట్ రస్సా మోటన్ హైస్కూల్ ఉంది, ఇప్పుడది మ్యూజియం. 1939లో నల్లజాతి పిల్లల కోసం 180 మందికి సరిపడా కట్టారు. 1950ల మొదటికి 450 మంది అయిపోయారు, అయినా కౌంటీ వాళ్లు సరైన బిల్డింగ్ కట్టకుండా చెక్క షెడ్లు వేసి తారు కాగితం చుట్టి అందులోనే క్లాసులు పెట్టారు, వానొస్తే కారేవి, చలికాలంలో స్టవ్ పక్కన కూర్చున్నవాళ్లకి చెమటలు, దూరంగా ఉన్నవాళ్లకి వణుకు. అదే ఊళ్లో తెల్లవాళ్ల హైస్కూల్లో జిమ్, కెఫెటీరియా ఉన్నాయి, వీళ్లకి రెండూ లేవు. పెద్దవాళ్లు అడిగి అడిగి విసిగిపోయారు.

అప్పుడు బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల అమ్మాయి 1951 ఏప్రిల్ 23న, ప్రిన్సిపాల్‌ని ఫోన్ కాల్‌తో బయటికి పంపించేలా ప్లాన్ చేసి, స్కూల్ మొత్తాన్ని ఆడిటోరియంలోకి పిలిపించి స్ట్రైక్ మొదలుపెట్టింది. పిల్లలు అడిగింది మంచి బిల్డింగే. కానీ లాయర్లు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ వచ్చి, వేస్తే అసలు నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ ఈ వేరు స్కూళ్లే వద్దని కేసు వేస్తాం అన్నారు, పిల్లలు సరే అన్నారు. ఆ కేసే, ఇలాంటి వేరు స్కూళ్ల మీద వేసిన కేసులన్నీ కలిపి విన్న బ్రౌన్ కేసులో కలిసి 1954లో సుప్రీంకోర్టులో గెలిచింది. ఇవాళ వర్జీనియా పబ్లిక్ స్కూళ్లలో మన పిల్లలు అందరి పక్కన కూర్చుని చదువుతున్నారంటే అందులో ఆ పిల్లల వాటా ఉంది, ఇది మన ఇళ్లల్లో చెప్పుకోవాలి.

తర్వాత జరిగింది నాకు ఇంకా మింగుడుపడదు. అందర్నీ కలిపి కూర్చోబెట్టమని కోర్టు గట్టిగా చెప్పేసరికి 1959లో ఫార్మ్‌విల్ ఉన్న ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ ఏకంగా పబ్లిక్ స్కూళ్లన్నిటికీ తాళాలేసింది. తెల్ల పిల్లల్లో చాలామందికి ప్రైవేట్ అకాడమీ పెట్టుకున్నారు, నల్ల పిల్లల్లో కొందర్ని వేరే ఊళ్లలో చుట్టాల ఇళ్లకి పంపారు, కొందరు చర్చి బేస్‌మెంట్లలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నారు, కొందరు మళ్లీ బడి మొహం చూడలేదు. 1964లో మళ్లీ సుప్రీంకోర్టు చెబితేగానీ తెరవలేదు. ఐదేళ్లండీ, ఒక పిల్లాడి ఒకటో క్లాసు నుంచి ఐదో క్లాసు దాకా.

మీ పిల్లలు ట్రిప్‌లో కష్టమైన ప్రశ్నలు అడుగుతారు, దయచేసి మాట మార్చొద్దు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు ఉంటే వాళ్లనీ తీసుకురండి, అక్కడ బోర్డుల మీద ఉన్నదంతా పిల్లలే చదివి తెలుగులో చెబుతారు, క్లాసులో ప్రాక్టీస్ చేయిస్తున్నాం.

మీ ప్రిన్సిపాల్