యానా టాడ్ గారి నాన్న రాసేది

చి. అన్నపూర్ణకు నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలు యథాప్రకారం. నువ్వు ఫోన్ చేసి ఈ ఆదివారానికి 23 రోజులు. లెక్క నాది కాదు, అమ్మది. వాట్సాప్ పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి పంపిస్తావు, అందుకే కాగితం.

రాత్రి రెండింటికి లేచి ఆ టీవీ స్టేషన్‌కి వెళ్తున్నావా ఇంకా? ఆ మంచులో కారు నెమ్మదిగా నడుపు. కెమెరా నువ్వే మోసి, నువ్వే తీసి, నువ్వే ఎడిట్ చేసి, మళ్లీ నువ్వే దాని ముందు నిలబడటమేమిటో నాకు అర్థం కాదు. మన పెళ్లిళ్లలో వీడియో తీసేవాడికి కూడా లైటు పట్టుకోవడానికి ఒక కుర్రాడుంటాడు. ఏమన్నా తిని వెళ్తున్నావా?

మొన్న లలిత సీమంతంలో కామేశ్వరి మీ అమ్మతో ఏదో అందట. దాని సంగతి తర్వాత రాస్తాను, పెద్ద విషయమేం కాదు.

వీకెండ్ యాంకర్ సీటు వేరే అమ్మాయికి ఇచ్చారని దిగులు పెట్టుకోకు. పీటర్ జెన్నింగ్స్‌ని అక్కడి ఏబీసీ టీవీ వాళ్లు 1965లో, 26 ఏళ్లకే ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. మూడేళ్లు నిలవలేదు. దేశాలు తిరిగి వార్తలు పంపుకుని, 1983లో మళ్లీ వచ్చి కూర్చుంటే 2005 దాకా లేవలేదు. నువ్వు కాస్త నిదానంగా చదవడం నేర్చుకో. పోయినసారి పంపిన వీడియోలో రైలు తప్పిపోతున్నట్టు చదివావు. వార్తలు చదివే వాల్టర్ క్రాంకైట్ నిమిషానికి 124 మాటలే పలికేలా సాధన చేశాడట.

క్రాంకైట్ అంటే గుర్తొచ్చింది. మీ మిస్సోరీలోనే పుట్టాడాయన. 1962 నుంచి 1981 దాకా సీబీఎస్ టీవీలో సాయంత్రం వార్తలు ఆయనవే. ప్రెసిడెంట్ కెనడీ పోయాడని చెప్పి కళ్లజోడు తీశాడే, ఆయన. ఇరవై ఏళ్ల వయసులో కాన్సాస్ సిటీ రేడియోలో చేరాడు. అక్కడ ఆయన క్రాంకైట్ కాదు, వాల్టర్ విల్‌కాక్స్! సొంత పేరుతో చదివితే, రేపు ఇంకో స్టేషన్‌కి పోయినప్పుడు వినేవాళ్లని కూడా వెంట తీసుకుపోతాడని ఆ రోజుల్లో రేడియోవాళ్ల భయమట. అంటే ఏమిటన్నమాట? మారుపేరు స్టేషన్‌ది, సొంత పేరు మనది.

సరే, అసలు కథ విను. ఒకరోజు పై అధికారి వచ్చి, సిటీ హాలు తగలబడుతోంది, ముగ్గురు ఫైర్‌మెన్ దూకి చచ్చిపోయారు, వెంటనే చదువు అన్నాడు. ఎవరు చెప్పారని క్రాంకైట్ అడిగితే, మా ఆవిడ ఫోన్ చేసిందన్నాడు. ఫైర్ వాళ్లకి ఒక్క ఫోన్ చేసి కనుక్కుంటానన్నాడు కుర్రాడు. మా ఆవిడ చెబుతుంటే ఇంకా కనుక్కునేదేమిటని ఆయనే మైకు ముందు కూర్చుని చెప్పేశాడు. తీరా చూస్తే చిన్న మంట. ఎవరూ పోలేదు. ఉద్యోగం మాత్రం పోయింది, కనుక్కుంటానన్నవాడిది. అన్నట్టు, ఆ స్టేషన్‌లోనే ప్రకటనలు రాసే బెట్సీ అనే అమ్మాయితో పరిచయమై 1940లో పెళ్లి చేసుకున్నాడు. ఇది ఊరికే రాశాను, ఇంకేం అనుకోకు.

కామేశ్వరి ఏమందంటే, టీవీలో నీ బొమ్మ కింద 'యానా టాడ్' అని పేరు పడుతోందట. వాళ్ల సురేష్ చూశాడట. మీ అమ్మ ఆ రాత్రికే అన్నయ్యకీ విశాఖ పిన్నికీ ప్రసారం చేసేసింది. కామేశ్వరి చెప్పింది కదా, ఇంకా అడిగేదేమిటంటుంది. నేను మాత్రం ఒకసారి కనుక్కుందామని.

మార్చుకుంటే మార్చుకో, నేనేమీ అనుకోను. అనుకుంటాననుకో. మామ్మ పేరని కాదు. అక్కడ రెండు మూడేళ్ల కాంట్రాక్టులన్నావు. దేశాన్ని టీవీ వాళ్లు 210 ప్రాంతాలుగా, అదే మార్కెట్లుగా, విడదీశారన్నావు, చిన్న ఊరి నుంచి పెద్ద ఊరికి ఎక్కుతూ పోవాలన్నావు. ఎక్కినప్పుడల్లా వెంట వచ్చేది పేరొక్కటే కదా! మన రాజమండ్రిలో పుట్టిన ఉమా పెమ్మరాజు టెక్సస్‌లో పెరిగి, లోకల్ స్టేషన్లలో పనిచేసి, 1996లో ఫాక్స్ న్యూస్ అనే టీవీ చానల్ మొదలైనప్పుడు తొలి యాంకర్లలో ఒకరైంది. పాపం 2022లో పోయింది. ఆ చానల్ రాజకీయాలు మనకొద్దు. పెమ్మరాజు అన్నది పెమ్మరాజుగానే ఉంచుకుంది. ఆ మాట పలికిన నోళ్లకి తాడేపల్లి బరువా?

స్టేషన్‌వాళ్లే మార్చమన్నారా? నువ్వే మార్చావా? అసలు మార్చలేదా? మీ చిన్నాన్నలా విషయం మింగి కూర్చోకు.

ఆవకాయ పార్సిల్ వేరే పంపాను. మూత చుట్టూ అమ్మ మూడు వరసలు టేపు వేసింది, కత్తితో కోయకు, చెయ్యి తెగుతుంది. పైన 'తాడేపల్లి అన్నపూర్ణ' అనే రాశాను. ఆ పేరుగలవాళ్లెవరూ లేరని వెనక్కి పంపేస్తారేమో, పోస్టాఫీసుకి ఫోన్ చేసి కనుక్కో. అది అయ్యాక మాకూ ఒకటి చెయ్యి.

నాన్న