సభ్యుల ఓటు మంచిదే, తేదీ ముఖ్యం

సంపాదకులకు,

మన పురపాలక సంస్థల్లో మేయర్ పేరు సీల్డ్ కవరులో రావడం చూసి విసిగినవారు, పార్టీ సభ్యులే నాయకుణ్ణి ఎన్నుకుంటే అంతా చక్కబడుతుందని అంటుంటారు. ఆ పద్ధతి నడుస్తున్న మాంట్రియల్‌ను గమనిస్తే అది సగం నిజమేనని తోస్తుంది. కెనడాలోని ఆ నగరంలో పోటీ చేసే పార్టీలు పురపాలక రాజకీయాలకే పరిమితం. పార్టీ నాయకుడే మేయర్ అభ్యర్థి కనుక, నాయకుడి ఎన్నికలో ఓటు వేసే కొద్దిమంది సభ్యుల నిర్ణయం నగరమంతటి మీదా పడుతుంది.

2004లో ఏర్పడిన ప్రొజే మాంట్రియల్ పార్టీ 2016 డిసెంబరులో వాలెరీ ప్లాంట్‌ను వందలోపు ఓట్ల తేడాతో నాయకురాలిగా ఎన్నుకుంది. అప్పటికి ఆమె నగరమంతటికీ తెలిసిన వ్యక్తి కారు. అయితే దాదాపు పదకొండు నెలల వ్యవధి ఉండడంతో ఆమె వీధివీధికీ వెళ్లి తన మాట వినిపించగలిగారు. 2017 నవంబరు 5న అప్పటి మేయర్ డెని కొడేర్‌ను ఓడించి, ఆ నగర మేయర్‌గా ఎన్నికైన తొలి మహిళ అయ్యారు. 2021లో మళ్లీ గెలిచారు.

మూడోసారి పోటీ చేయనని ఆమె 2024 అక్టోబరులో ప్రకటించారు. పార్టీ సభ్యులు లూక్ రబువాన్‌ను కొత్త నాయకుడిగా ఎన్నుకునేసరికి 2025 మార్చి 15 వచ్చింది. నవంబరు 2 పోలింగుకు ఎనిమిది నెలలు కూడా మిగల్లేదు. ప్రత్యర్థి పార్టీ ఎన్సాంబ్ల్ మాంట్రియల్ నాయకురాలు సొరాయా మార్టినెజ్ ఫెరాడా గెలిచారు, రబువాన్ నాయకత్వం వదులుకున్నారు. ఎనిమిదేళ్ల పాలనపై పేరుకున్న అసంతృప్తిని పక్కనపెట్టి ఓటమిని తేదీల మీదికే నెట్టడం సరికాదు. అయినా, పాలించిన నాయకురాలి నీడలోంచి బయటపడి తనదైన గుర్తింపు తెచ్చుకోవడానికి కొత్త నాయకుడికి ఆ గడువు చాలా తక్కువని నా అభిప్రాయం.

అక్కడ తదుపరి ఎన్నికలు 2029లో. నాయకుడి ఎంపికను చివరి ఏడాదికి వాయిదా వేయకూడదని, సభ్యత్వ నమోదు గడువు, చర్చల తేదీలు ముందే ప్రకటించాలని పార్టీలు తమ నియమావళిలోనే రాసుకోవాలి. లేకపోతే ఆఖరి వారాల్లో ఎక్కువమందిని చేర్పించగలిగినవారిదే గెలుపవుతుంది. సీల్డ్ కవరును వదిలించుకోవాలని మన పార్టీలు ఎప్పుడైనా అనుకుంటే, ముందుగా తెచ్చుకోవలసింది ఈ నియమాన్నే.

ఇట్లు,
ఒక పాఠకుడు