ముఖ్యమంత్రి గారూ, అందరికీ ఒకటే కొలత పెట్టి కుడితే ఎట్ల?

ముఖ్యమంత్రి గారికి నమస్కారం.

నేను వారాసిగూడలో లేడీస్ టైలర్‌ని సార్, పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. అందరూ సమానం కావాలని నాకూ ఉంది, కానీ సమానం అంటే అందరికీ ఒకటే ఇచ్చుడు అనుకుంటే కొన్నిచోట్ల మేలైతది, కొన్నిచోట్ల నష్టమైతది, రెండూ చూసిన కాబట్టే రాస్తున్న.

2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకి ఫ్రీ బస్సు వచ్చింది కదా. నా షాపులో హెమ్మింగ్ చేసే అమ్మాయి అంతకుముందు ఆటో పైసలు మిగుల్చుకుందామని సికింద్రాబాద్ నుంచి నడిచొచ్చేది, ఇప్పుడు ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని వస్తుంది. అదే బస్సులో బ్యాంకు మేడమ్‌కి కూడా జీరో టికెట్టే. నీ జీతమెంత అని కండక్టర్ ఎవర్నీ అడగడు. ఫీజు కట్టలేదని క్లాసు బయట నిలబడ్డ పిల్లకి ఆ అడగకపోవడం ఎంత పెద్ద విషయమో తెలుస్తది, నన్ను నిలబెట్టిన్రు సార్, ఐదో తరగతిలో. డబ్బులున్నోళ్లకి ఎందుకని చాలామంది అంటున్నరు, వాళ్ల మాట విని ఆదాయం సర్టిఫికెట్ పెట్టకండి. కాకపోతే మా గల్లీ ఆటో అన్నకి పొద్దున గిరాకీ సగం పోయింది, ఆయన్ని కూడా చూడాలి కదా.

ఇక రైతుబంధు, పంట పెట్టుబడికి సర్కారు ఇచ్చే పైసలు, 2025 నుంచి రైతుభరోసా అంటున్నరు. 2018లో ఎకరానికి సీజన్‌కి 4000తో మొదలై తర్వాత 5000 అయింది. ఎకరం ఎకరం సమానమే, మరి మనుషులు? రైతుబంధులో సీజన్‌కి రెండెకరాలాయనకి పది వేలు, ముప్పై ఎకరాలాయనకి లక్షన్నర వచ్చేది. నల్గొండ జిల్లాలో కౌలుకి వరి వేసే మా నాయినకి రూపాయి రాలే, ఎందుకంటే పట్టా ఆయన పేరు మీద లేదు.

నేనూ ఒక తప్పు చేసిన. రెండేళ్ల కింద పీస్ రేటు తీసేసి కుట్టేవాళ్లిద్దరికీ ఒకటే నెల జీతం పెట్టిన, మంచే చేస్తున్న అనుకున్న. ఒకామె రోజుకి ఆరు లైనింగ్ బ్లౌజులు కుట్టేది, ఇంకొకామె మూడు. నాలుగు నెలల్లో ఆరు కాస్తా నాలుగైనయ్, తర్వాత ఆమె మానేసి బొటిక్‌కి పోయింది. ఆమెది తప్పని నేను అనలేను. మళ్లీ పీస్ రేటే పెట్టి, ఈసారి మూడు కుట్టే అక్క దగ్గర కూర్చుని చూస్తే తొక్కే మిషన్ మీద మోకాళ్లు నొప్పి పుట్టి గంటకోసారి లేస్తుంది, పైగా ఆమె మూలకి వెలుతురే లేదు. మిషన్‌కి మోటార్ పెట్టించి, సూది మీద పడేటట్టు లైటు పెట్టిన, నెల తిరక్కుండా ఐదు కుట్టింది. జీతం సమానం చేస్తే కానిది మోటార్‌తోని అయింది సార్.

మీ సచివాలయం పక్కనే 125 అడుగుల అంబేద్కర్ గారు నిలబడి ఉన్నరు. ఓటులో సమానమైతున్నం గానీ బతుకులో అసమానమే ఉంటదని ఆయన 1949 నవంబర్ 25నే రాజ్యాంగ సభలో హెచ్చరించిన్రు.

నేనడిగేది ఇంతే, బస్సుకి ఏ షరతూ పెట్టకండి, మా బస్తీ లోపలికి ఇంకో రెండు ట్రిప్పులు వెయ్యండి, ఎకరం లెక్కన ఇచ్చే పైసలకి ఒక హద్దు పెట్టి ఆ మిగిలింది దున్నేటోళ్లకి ఇవ్వండి. మా నాయినకి 68 ఏళ్లు, ఈ వానాకాలం కూడా మూడెకరాలు కౌలుకి పట్టిండు, కౌలు పైసలు ముందే కట్టిండు.

ఇట్లు,
వారాసిగూడ నుంచి ఒక టైలర్