దేశీబెహరా వీధి పెద్దావిడకి, మిగతా అందరికీ మా దణ్ణాలు

నిన్న బరంపురం ఫ్యామిలీ కోర్టులో మా విడాకుల పిటిషన్ వెనక్కి తీసుకున్నాం. పాప మరణ ధ్రువపత్రం కూడా తప్పులు దిద్దుకుని ఈ వారమే చేతికొచ్చింది. రాత్రంతా నిద్ర లేదు. ఒళ్ళు పులిసిపోయింది, కళ్ళు మండుతున్నాయి. అయినా ఇవాళే రాయాలి. రేపటి నుంచి మళ్ళీ వంట, డ్యూటీలు మొదలైతే ఈ మాటలు లోపలే ఉండిపోతాయి.

మా కాపురం ఒడిశాలోని బరంపురంలో. నా పుట్టిల్లు పర్లాకిమిడి. 2023 వానాకాలంలో మా ఆరేళ్ళ పాపకి జ్వరం ముదిరితే విశాఖపట్నం తీసుకెళ్ళాం. తిరిగి తెచ్చుకోలేకపోయాం. పాప పేరు ఇక్కడ రాయను. తెలిసినవాళ్ళకి తెలుసు.

చిన్నపిల్లలకి కర్మలుండవన్నారు పెద్దలు. పదో రోజు లేదు, పన్నెండో రోజు లేదు, సంవత్సరీకం లేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఇంట్లో మేమిద్దరమే. ఆయన గుళ్ళ చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. పాప పుట్టువెంట్రుకలు ఇక్కడి తారాతారిణి అమ్మవారి కొండ మీద తీయించాం. ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా ఆ తల్లికే మొక్కుకున్నారట, తగ్గితే 999 మెట్లూ పాపని ఎత్తుకుని ఎక్కుతానని. "మొక్కు ఉండిపోయింది" అని ఆయన అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఎవరికి తీరుస్తారు మొక్కు? నేను దేవుడి గది తలుపు వేసేశాను. ఆయన బయట గుళ్ళో ఏడ్చేవారు, నేను వంటింట్లో ఏడ్చేదాన్ని. ఒకరి ఏడుపు ఒకరికి పడలేదు. 2024 మొదట్లో నేను పర్లాకిమిడి వెళ్ళిపోయాను. ఏడాది గడిచాక ఇద్దరం ఒప్పుకునే హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద విడాకుల పిటిషన్ వేశాం. వేశాక ఆరు నెలలు ఆగాలన్నారు.

ఆ గడువులోనే చైత్రం వచ్చింది. ఠాకురాణి జాతర వచ్చింది.

తెలియనివాళ్ళకి రెండు మాటలు. బరంపురంలో బుఢీ ఠాకురాణికి రెండేళ్ళకొకసారి జాతర చేస్తారు. అమ్మవారిని ఇక్కడి డేరా వాళ్ళ ఆడపడుచుగా, పుట్టింటికి వచ్చిన కూతురుగా చూసుకుంటారు. డేరా వాళ్ళంటే మన తెలుగు నేతవాళ్ళే. వాళ్ళ పెద్ద దేశీబెహరా, భార్యతో కలిసి గుడికి వెళ్ళి అమ్మవారిని ఇంటికి పిలుస్తారు. దేశీబెహరా వీధిలో తాత్కాలికంగా గుడి కడతారు. సుమారు నెల రోజులు అమ్మవారు అక్కడే. సాయంత్రమయ్యేసరికి ఆడవాళ్ళు పూలతో కట్టిన ఘటాలు నెత్తిన పెట్టుకుని వీధుల్లో తిరుగుతారు. మొక్కుకున్నవాళ్ళు పులివేషాలు వేస్తారు. ఆఖరి రోజు కూతురిని అత్తారింటికి పంపినట్టే పంపుతారు, ఊరంతా కళ్ళు తుడుచుకుంటుంది. 2023 జాతరకి పాప మాతో ఉంది. పులివేషం చూసి వాళ్ళ నాన్న మెడ పట్టుకుని వదల్లేదు. 2025 జాతరకి ఊళ్ళో అడుగుపెట్టకూడదనే అనుకున్నాను.

పెట్టాల్సి వచ్చింది. ఎందుకో చెప్తాను, ఇది ఇంకో పది కుటుంబాలకి పనికొస్తుంది.

కోర్టు కాగితాల కోసం లాయరుగారు పాప మరణ ధ్రువపత్రం అడిగారు. 2023లో వచ్చిన కవరు అప్పటిదాకా ఎవరం విప్పలేదు, ఆ ఓపిక ఎవరికుంది? విప్పి చూస్తే పాప పేరులో అక్షరం మారిపోయి మగపిల్లాడి పేరైంది. కింద లింగం దగ్గర పురుషుడు అని ఉంది. ఆ కాగితం చేతిలో పట్టుకుని నేను నేల మీద కూలబడిపోయాను. నా కూతురు పుట్టలేదన్నట్టు, పోలేదన్నట్టు ఉంది.

ఆసుపత్రిలో ఎవరైనా చనిపోతే ఆసుపత్రివాళ్ళే రిజిస్ట్రారుకి తెలియజేయాలి. 21 రోజుల్లోపు నమోదుకి రుసుము లేదు. నమోదు చనిపోయిన ఊళ్ళోనే, ఉండే ఊళ్ళో కాదు. తప్పు పడితే 1969 జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ కింద దిద్దించుకోవచ్చు, విషయం తెలిసిన ఇద్దరు నమ్మకస్తుల డిక్లరేషన్ కావాలి. ఇవన్నీ నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు ఏ కౌంటర్లోనూ ఎవరూ ఒక్కసారిగా చెప్పలేదు. ఒకసారి పాప జనన ధ్రువపత్రం ఒడియాలో ఉందన్నారు, పక్కనే ఇంగ్లీషులో ఉన్నా సరే. ఒకసారి నోటరీ ఇక్కడిది చెల్లదన్నారు. ఒకసారి తల్లి ఒక్కర్తే వస్తే సరిపోదు, తండ్రి సంతకం కూడా ఉండాలన్నారు. రాష్ట్రం సరిహద్దులో బతికేవాళ్ళం మేం. చదువు ఒక భాషలో, ఇంట్లో మాట ఒక భాషలో, వైద్యం పక్క రాష్ట్రంలో. బిడ్డ పోయిన తల్లిని అఫిడవిట్ పట్టుకుని రైళ్ళెక్కించి తిప్పడం ఏం న్యాయం? తప్పు టైపు చేసినవాళ్ళది, తిరుగుడు మాది. దయచేసి ఎవరైనా సరే, ఆ కాగితం తీసుకునేటప్పుడు పేరు, లింగం, తండ్రి పేరు అక్కడే నిలబడి చదవండి. మీకు చదివే స్థితి లేకపోతే పక్కవాళ్ళ చేత చదివించండి.

సరే. తండ్రి సంతకం కావాలన్నారు కాబట్టి ఆయనకి ఫోన్ చేశాను. నోటరీ దగ్గర సంతకాలయ్యేసరికి చీకటి పడుతోంది. జాతర కోసం దార్లు మూసేశారు, ఆటోలు లేవు. జనం మమ్మల్ని తోసుకుంటూ దేశీబెహరా వీధి పక్క సందులోకి తెచ్చి పడేశారు. ఆయన ఒక అరుగుకి ఈ చివర, నేను ఆ చివర నిలబడ్డాం. మధ్యలో ఒక పెద్దావిడ కూర్చుని పళ్ళెం సర్దుకుంటోంది. పసుపు, కుంకుమ, గాజులు, కొబ్బరికాయ, చిన్న గిన్నెలో పాయసం. అరుగు మీద వెలిసిపోయిన, ఫోడా కుంభ అనే బరంపురం నేత అంచు ఉన్న పట్టుచీర మడత.

"కూచోండమ్మా, ఘటాలొచ్చే వేళ. ఇప్పుడెక్కడికీ పోలేరు" అంది. మంచినీళ్ళిచ్చింది. మా ఇద్దరినీ చూసి మొగుడూ పెళ్ళాలమని ఎలా కనిపెట్టిందో నాకిప్పటికీ తెలీదు.

"పిల్లలెంతమంది?"

ఈ ప్రశ్నకి నేను ఎప్పుడూ లేచి వెళ్ళిపోతాను. లేవబోయాను. ఆయన అన్నారు, "ఒక్క పాపండీ. ఇప్పుడు లేదు."

నాలుగు మాటలు వస్తాయని కాచుకున్నాను. దేవుడి రాత అంటారు, ఇంకొకరిని కనమంటారు, వయసుంది కదా అంటారు. ఆవిడ వాటిలో ఒక్కటీ అనలేదు. పళ్ళెంలో గాజులు జరిపి కాస్త చోటు చేసింది.

"ఏం తినేది బాబూ? ఇష్టంగా?"

నేను కొబ్బరి లౌజు అన్నాను. అదే క్షణంలో ఆయన "పచ్చిమామిడి ముక్కలు, ఉప్పూకారం అద్ది" అన్నారు. నేను ఆయన వైపు తిరిగాను. పాపకి గొంతు వాపు వస్తుందని నేను ఇంట్లో మామిడికాయ ముట్టనిచ్చేదాన్ని కాదు. ఆయన చెప్పారు, నాతో కాదు, ఆవిడతో. బడి వదిలాక గేటు దగ్గర బండి మీద ఒక పొట్లం కొనేవారట. స్కూటర్ మీద ముందు నిలబడి తినేదట. ఇంటి మలుపు రాగానే మూతీ చేతులూ ఆయన జేబురుమాలుతో తుడిపించుకుని, "అమ్మకి చెప్పకు నాన్నా" అనేదట.

ఆ జేబురుమాళ్ళ మీద ఎర్రటి మరకలు నాకు గుర్తే. ఎంత రుద్దినా వదిలేవి కావు. కిళ్ళీ మరకలని ఆయన్ని ఎన్నోసార్లు సాధించాను. ఒక్కసారి కూడా ఆయన నోరు విప్పలేదు, పాప రహస్యం కదా.

నేను ఎరగని పాప ఆయన దగ్గర ఇంకా ఉంది. నాకప్పుడు ఏమైందో చెప్పలేను. పాప పోయాక పాప గురించి ఒక కొత్త సంగతి విన్నది అదే మొదటిసారి. రోడ్డు మీద, అంత జనంలో, ఆ అరుగు మీద వాలిపోయి ఏడ్చాను. ఆవిడ ఊరుకోమనలేదు. మనవడిని కేకేసి చేతిలో డబ్బులు పెట్టింది. ఆ కుర్రాడు ఆ తొక్కిడిలో పరుగెత్తి మామిడికాయ ముక్కలు తెచ్చాడు, పక్కింట్లోంచి లౌజు కూడా పట్టుకొచ్చాడు. రెండూ పళ్ళెంలో గాజుల పక్కన పెట్టింది. డప్పులు దగ్గరపడ్డాయి. పళ్ళెం తీసి ఒక అంచు నా చేతికి, ఒక అంచు ఆయన చేతికి ఇచ్చింది.

"పుట్టింటికొచ్చిన పిల్లకి ఇద్దరూ కలిసే పెట్టాలమ్మా" అంది.

ఘటాలు ఆగాయి. పళ్ళెం ఎత్తాం. ఉప్పూకారం వాసన ముక్కుకి తగిలింది. బిడ్డ పోయాక ఆ బిడ్డ కోసం మేమిద్దరం కలిసి చేసిన మొదటి పని అది. మాకు ఏ కర్మా లేదన్నారు చూశారూ, ఆవిడ ఒకటి చేయించింది. మంత్రం లేదు, గోత్రం అడగలేదు. ఎవరి అనుమతీ తీసుకోలేదు.

ఆ రాత్రి చాలా పొద్దుపోయేదాకా ఆ అరుగు మీదే కూర్చున్నాం. ఆవిడ మాకేమీ బోధించలేదు. కాపురం గురించి, కోర్టు గురించి ఒక్క ప్రశ్న లేదు. పాప గురించే అడిగింది. ఏ పక్కకి తిరిగి పడుకునేది, ఎవరి పోలిక, అలిగితే ఎక్కడ దాక్కునేది. ఒకటి నేను చెప్తే ఒకటి ఆయన చెప్పారు. జాతర అయ్యేలోపు వీలు దొరికినప్పుడల్లా పర్లాకిమిడి నుంచి వచ్చాను. అమ్మవారిని సాగనంపిన రోజు ఆవిడ పక్కనే నిలబడ్డాం.

కలవడం ఒక్క రోజులో అయిందని అనుకోకండి. తర్వాత కూడా మాట్లాడుకోని వారాలున్నాయి. ఆయన అక్కడ, నేను ఇక్కడ. కానీ ఫోన్ చేస్తే పాప మాట వచ్చేది, వస్తే పెట్టేసేవాళ్ళం కాదు. దసరాకి నా సామాను తిరిగి బరంపురం తెచ్చుకున్నాను. నాకు భక్తి తిరిగొచ్చిందని చెప్పలేను. దేవుడి గది తలుపు మాత్రం తీశాను, దీపం పెడుతున్నాను. తారాతారిణి మెట్లు ఇద్దరం కలిసి ఎక్కాలని అనుకున్నాం, వచ్చే చైత్రంలో ఒక మంగళవారం. మొక్కు అని కాదు. పాప జుట్టు అక్కడుంది, అందుకు.

ఒక మాట, మాలాంటి వాళ్ళెవరైనా చదువుతుంటే. పరస్పర అంగీకారం పిటిషన్ వేసినంత మాత్రాన అయిపోయినట్టు కాదు. డిక్రీ ఇచ్చేలోపు ఏ ఒక్కరైనా ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చని 1991లో సుప్రీంకోర్టు చెప్పిందట. మా లాయరుగారు చెప్పేదాకా మాకు తెలీదు.

మొన్న ధ్రువపత్రం రాగానే స్వీటు పట్టుకుని ఆ సందుకి వెళ్ళాం. ఇంటికి తాళం. సూరత్‌లో మగ్గాల పనిలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళిందని పక్కవాళ్ళు చెప్పారు. మా గంజాం జిల్లా ఇళ్ళలో సగం తాళాలు సూరత్ వల్లే కదా. నంబరు వాళ్ళ దగ్గరా లేదు. ఆవిడకి చదువు రాదు. ఆ రోజు పరుగెత్తిన మనవడా, నువ్వు గనక ఇది చూస్తే మామ్మకి చదివి వినిపించు నాయనా. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉన్నామని చెప్పు. వచ్చే జాతరకి పళ్ళెం మేమే సర్దుకొస్తామని చెప్పు. ఆవిడ కాళ్ళకి మా దణ్ణాలు.

మా అమ్మానాన్న, అత్తగారు, ఆడపడుచు, మా తమ్ముడు, అందరూ అన్నీ చేశారు. వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, వాళ్ళకి తెలుసు.

లాయరుగారికి, ఆఖరి విడత ఫీజు వద్దన్నందుకు. రిజిస్ట్రారు ఆఫీసులో ఆఖరున ఫైలు చూసిన ఉద్యోగినికి, కాగితం ఇచ్చే ముందు పాప పేరు పైకి చదివి "సరిగ్గా ఉందామ్మా" అని అడిగినందుకు. బడిలో పాప చేరిన రికార్డు వెతికి సంతకం పెట్టించిన టీచరుగారికి. సాక్షులుగా వచ్చిన పై వాటా దంపతులకి, సెలవు పెట్టుకుని మరీ వచ్చారు. నేను లేనన్నాళ్ళూ మా తులసికోటకి నీళ్ళు పోసిన ఎదురింటి అమ్మాయికి.

అయ్యో, ముఖ్యమైనతను ఉండిపోయాడు. 2023లో పాపని విశాఖ నుంచి తెచ్చేటప్పుడు ఉచిత వాహనం రాష్ట్రం దాటదన్నారు. ఆ రాత్రి ఒక ప్రైవేటు అంబులెన్సు డ్రైవరు డీజిలు ఖర్చు మాత్రం తీసుకుని ఇంటిదాకా వచ్చాడు. దారిలో ఎక్కడా హారన్ కొట్టలేదు. అతని మొహం కూడా సరిగ్గా చూడలేదు నేను.

మా ఆయన ఇది చదివి, నోటరీ దగ్గర జిరాక్సు షాపతన్ని మర్చిపోయావన్నారు. కరెంటు పోతే జనరేటరు వేయించి కాపీలు తీసిచ్చాడు, ఆ రోజు పని అయిందంటే అందుకే. అతనికి కూడా.