పిల్లలు రాసిన అర్జీ కార్యాలయానికి చేరాలి

సంపాదకులకు,

వీధిదీపం వెలగడం లేదని సర్పంచ్‌కు లేఖ రాయమన్న ప్రశ్నకు మన హైస్కూలు పిల్లల్లో జవాబు రాయనివారు దాదాపు ఉండరు. స్థలం, తేదీ, సంబోధన, విషయం, చివర 'ఇట్లు తమ విధేయుడు' అన్నీ పద్ధతి ప్రకారం పెట్టి మార్కులు తెచ్చుకుంటారు. ఆ లేఖ జవాబుపత్రాల కట్టలోనే ఉండిపోతుంది, ఊళ్లో దీపం మాత్రం వెలగదు. ఇరవై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం బోధిస్తున్న నేనూ ఇలాంటి లేఖలెన్నో దిద్దాను. పౌరశాస్త్రాన్ని మనం పిల్లల చేత కంఠస్థం చేయిస్తున్నామే తప్ప అభ్యాసం చేయించడం లేదన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. ఆ రోజు మా ఊరి సభ బడికి కూతవేటు దూరంలో, రామాలయం పక్కన షామియానా కింద జరుగుతుంటే, నేను తరగతి గదిలో నల్లబల్ల మీద గ్రామసభ విధులు రాయిస్తున్నాను. మైకులో మాటలు కిటికీలోంచి వినబడుతూనే ఉన్నాయి. పిల్లలను వరుసగా తీసుకెళ్లి ఓ మూల కూర్చోబెట్టి ఉంటే, నేను వారంపాటు చెప్పే పాఠం గంటలో వారి కళ్ల ముందే జరిగి ఉండేది. ఆ అవకాశం పోగొట్టుకున్నందుకు ఈనాటికీ బాధపడుతున్నాను.

ఆ తర్వాత తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక ప్రయత్నం మొదలుపెట్టాను. ఊళ్లో తమకు కనిపించే ఇబ్బందుల్లో ఒకటి ఎంచుకుని, అది ఎవరి బాధ్యతో తెలుసుకుని, నిజంగానే అర్జీ ఇవ్వాలన్నది నియమం. మొదటి రోజు వచ్చిన అర్జీల్లో సగానికి పైగా 'గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి' అనే మొదలయ్యాయి. మంచినీటి ట్యాంకు వాల్వు దగ్గర నీరు కారడం పంచాయతీ చూడవలసిన పని అని, రోడ్డు గుంతల విషయంలో అది ఏ శాఖ రోడ్డో ముందు కనుక్కోవాలని తేల్చుకోవడానికే మూడు పీరియడ్లు పట్టింది. ఆ మూడు పీరియడ్లలో పిల్లలకు ఒంటబట్టినంత స్థానిక స్వపరిపాలన నా ఇన్నేళ్ల బోధనలో ఎవరికీ ఒంటబట్టి ఉండదు.

ట్యాంకు అర్జీ తొలి ప్రతిలో 'చాలా నీరు వృథా అవుతోంది' అని మాత్రమే రాశారు. చాలా అంటే ఎంత అని అడిగితే, ఇద్దరు పిల్లలు పదిహేను లీటర్ల బకెట్ పట్టుకెళ్లి వాల్వు కింద పెట్టి, గడియారం చూస్తూ కూర్చున్నారు. బకెట్ నిండడానికి నలభై నిమిషాలు పట్టింది. రోజుకు ముప్ఫై ఆరు బకెట్లు, అంటే 540 లీటర్లు అని లెక్కగట్టి, లెక్కల మాస్టారికి చూపించి, ఆ అంకెను అర్జీ మొదటి వాక్యంలోనే పెట్టారు. మూడు వారాలు జవాబు లేకపోతే గుర్తుచేస్తూ మరో లేఖ ఇచ్చారు. అప్పుడు పంచాయతీ కార్యదర్శి స్వయంగా తరగతికి వచ్చి, వాల్వు మార్చడానికి ఎంత ఖర్చవుతుందో, ఆ డబ్బు ఏ పద్దు కింద తీయాలో పిల్లలకు వివరించారు. నెలన్నరకు వాల్వు మారింది.

ఇంతకంటే పెద్ద పాఠం మరో అర్జీ దగ్గర నేర్చుకున్నాం. బడి గేటు ముందు తినుబండారాల బండ్ల వల్ల పిల్లలు రోడ్డు మీదికి నడవవలసి వస్తోందని, వాటిని తీసివేయించాలని తరగతిలో ఎక్కువమంది చేతులెత్తారు. అప్పుడు వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, 'టీచర్, అందులో ఒకటి మా అమ్మది. ఆ బండి తీసేస్తే మేం ఎట్లా బతకాలి?' అని అడిగింది. తరగతంతా నిశ్శబ్దమైపోయింది. ఎక్కువ చేతులు లేచాయి కనుక అదే నిర్ణయమని ముగించడం నాకు తేలికే గాని, అది సరైన పని అనిపించలేదు. రెండు రోజులు చర్చ సాగింది. చివరకు బండ్లను తీసేయమని కాక, ప్రహరీ వెంబడి కాస్త పక్కకు జరిపి గేటు ముందు దారి వదిలించమని కోరుతూ అర్జీ రాశారు. ఆ అమ్మాయి కూడా దానిపై సంతకం చేసింది.

2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం సందర్భంగా, అమరావతిలో విద్యార్థులతో నమూనా శాసనసభ నిర్వహించడం సంతోషకరం. అయితే ఆ వేదిక దాకా వెళ్లగలిగేది కొద్దిమందే. ప్రతి పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు నెలకు రెండు పీరియడ్లయినా ఈ అభ్యాసానికి కేటాయించాలని, గ్రామసభ రోజున పిల్లలను పరిశీలకులుగా తీసుకెళ్లేందుకు ప్రధానోపాధ్యాయులకు స్పష్టమైన అనుమతి ఇవ్వాలని విద్యాశాఖను కోరుతున్నాను. ఆ స్పష్టత లేకనే చాలామంది ఉపాధ్యాయులు, ఊళ్లో ఎవరికి కోపం వస్తుందో, ఏ పార్టీ ముద్ర పడుతుందో అని వెనకాడుతున్నారు. పార్టీల ఊసు తరగతిలోకి రానివ్వకూడదన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ నీరు, దీపం, దారి గురించి అడగడం ఏ పార్టీ పనీ కాదు. పంచాయతీ, మండల కార్యాలయాల అధికారులకు కూడా ఒక విన్నపం: పిల్లల అర్జీ వస్తే రెండు వాక్యాలైనా సరే, జవాబు రాయండి. పని కాదని చెప్పినా, ఎందుకు కాదో చెబితే వారు అర్థం చేసుకోగలరు.

మా బడి దారిలో వెలగని మూడు వీధిదీపాల గురించి ఇచ్చిన అర్జీకి మాత్రం ఇంకా సమాధానం రాలేదు. సమాచార హక్కు చట్టం, 2005 పౌరులందరికీ హక్కు ఇచ్చిందే గాని వయసు నిబంధన పెట్టలేదని, పంచాయతీ స్థాయిలో దరఖాస్తుకు రుసుము కూడా లేదని తెలుసుకుని, తమ అర్జీపై తీసుకున్న చర్య ఏమిటని అడుగుతూ పిల్లలే ఒక దరఖాస్తు సిద్ధం చేశారు. వచ్చే సోమవారం కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకుంటారు. జవాబుకు చట్టం పెట్టిన 30 రోజుల గడువు ఏ తేదీతో ముగుస్తుందో రాయడానికి నల్లబల్ల మూలలో ఇప్పటికే చోటు వదిలిపెట్టారు.

ఇట్లు,
ఒక సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయురాలు,
కృష్ణా జిల్లా